మే నెలలో కుటుంబంతో అరకు ప్రయాణం: ఎండ, ఘాట్ రోడ్డు, ఆరేళ్ల కారు గురించి సలహా కావాలి

ప్రశ్న: మురళీనగర్ నివాసి

అందరికీ నమస్కారం. పిల్లలకు సెలవులు కనుక మే రెండో వారంలో విశాఖపట్నం నుంచి సొంత కారులో అరకు వెళ్లి రావాలని మా కుటుంబం అనుకుంటోంది. నేను, నా భార్య, తొమ్మిదేళ్ల బాబు, నాలుగేళ్ల పాప, మా అమ్మానాన్నలు, మొత్తం ఆరుగురం. నాన్నగారికి 68 ఏళ్లు, రక్తపోటుకు మందులు వాడుతున్నారు. అమ్మకు మధుమేహం, ఇన్సులిన్ తీసుకుంటుంది. మాది ఏడు సీట్ల కారు, కొని ఆరేళ్లు దాటింది. నేను నగరంలోను, జాతీయ రహదారి మీద శ్రీకాకుళం, తుని వరకును నడిపాను గాని ఘాట్ రోడ్డు మీద ఒక్కసారి కూడా నడపలేదు.

ఉదయం ఇంట్లో పూజ, టిఫిను ముగించుకుని పది గంటలకు బయలుదేరి, పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట (ఎస్.కోట) మీదుగా ఘాట్ ఎక్కి, మధ్యాహ్నం బొర్రా గుహలు చూసుకుని, సాయంత్రం దాకా అరకులో గడిపి, చల్లబడ్డాక రాత్రికి ఇల్లు చేరాలన్నది ప్రస్తుతానికి మా ఆలోచన. రానుపోను సుమారు 230 కిలోమీటర్లే కదా, ఒక్కరోజులో సరిపోతుందని ఇంట్లో అందరూ అంటున్నారు.

నా భయానికి ఒక కారణం ఉంది. కిందటేడు మే నెలలో మిట్టమధ్యాహ్నం తుని నుంచి తిరిగి వస్తుంటే మా ముందు వెళుతున్న కారు వెనక టైరు పేలి, ఆ కారు రెండు సార్లు అటూ ఇటూ ఊగి డివైడరుకు కొట్టుకుంది. లోపలివాళ్లు ప్రాణాలతో బయటపడ్డారు. కానీ రోడ్డు పక్కన కూర్చుని వణికిపోతున్న ఆ పాప, మా పాప వయసుదే. ఆ రోజు నుంచి ఎండలో దూరం వెళ్లాలంటే నాకు చేతులు చల్లబడుతున్నాయి.

ఎండాకాలంలో టైర్లలో గాలి నాలుగైదు పాయింట్లు తగ్గించి పెట్టుకోవాలని మా వీధిలో ఒకరు, మామూలు గాలి కాకుండా నైట్రోజన్ నింపించాలని ఇంకొకరు, ట్యాంకు నిండా పెట్రోలు పోయిస్తే వేడికి పేలుతుందని వాట్సాప్‌లో మరొకరు చెప్పారు. వీటిలో ఏది నిజం? ఘాట్ మీద మొదటిసారి నడిపేవాడు ఏం తెలుసుకుని ఉండాలి? పెద్దవాళ్ల విషయంలో, పాప విషయంలో ఏ జాగ్రత్తలు తీసుకోవాలి? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా రాయండి.

సమాధానం: పెందుర్తి, విశ్రాంత బస్సు డ్రైవరు

బాబూ, నేను అరకు ఘాట్ మీద ఇరవై ఏళ్లకు పైగా బస్సు నడిపాను. మీరు అడిగిన టైర్ల సంగతి తెలిసినవారు చెబుతారు. నా దృష్టిలో టైరుకన్నా ముందు మార్చవలసింది మీరు బయలుదేరే గంట.

పదింటికి బయలుదేరితే ఏమవుతుందో చూడండి. పెందుర్తి, కొత్తవలసల రద్దీ దాటి ఎస్.కోట చేరేసరికి పన్నెండు అవుతుంది. సముద్రపు గాలి తగిలే విశాఖలో ఉక్కపోత ఉంటుంది గాని, లోపలికి వెళ్లేకొద్దీ ఎండ వేరు, అక్కడి వడగాలి వేరు. సరిగ్గా ఆ మిట్టమధ్యాహ్నం ఆరుగురిని, సామానును మోస్తూ, ఏసీ నడుపుతూ, మొదటి రెండు గేర్లలో మీ కారు దాదాపు 900 మీటర్ల ఎత్తుకు ఎక్కడం మొదలుపెడుతుంది. ఇంజను వేడి ముల్లు పైకి లేవడానికి అంతకన్నా అనువైన సమయం లేదు. ఇక మధ్యాహ్నం రెండు దాటాక ఏప్రిల్, మే నెలల్లో మన ఏజెన్సీ కొండల మీద మబ్బు కమ్ముకుని ఈదురుగాలి, ఉరుములు, పిడుగులతో వాన పడడం తరచుగా జరుగుతుంది. నెలల తరబడి రోడ్డు మీద పేరుకున్న దుమ్ము, చమురు ఆ మొదటి జల్లుకు తడిసి సబ్బు రాసినట్టు జారుతాయి. అవన్నీ దాటి, పొద్దున అయిదింటికి లేచిన మనిషి రాత్రి ఎనిమిదింటికి, కొత్త ఘాట్‌లో, చీకట్లో, కిందికి దిగాలి. 2021 ఫిబ్రవరిలో డముకు దగ్గర పర్యాటకుల బస్సు లోయలో పడింది అరకు నుంచి తిరిగి దిగుతుండగా, చీకటి పడ్డాకే. ఆ మలుపు మీదుగా వేలసార్లు వెళ్లినవాడిని, ఇప్పటికీ ఆ చోటు వచ్చేసరికి నా కాలు దానంతటదే నెమ్మదిస్తుంది.

కనుక తెల్లవారుజామున అయిదింటికి బయలుదేరండి. ఎస్.కోటలో టిఫిను చేసి ఏడు, ఏడున్నరకల్లా ఘాట్ మొదలుపెడితే, ఎండ ముదరకముందే అనంతగిరి దాటుతారు. రాత్రి అరకులోనే ఉండి, మర్నాడు పొద్దున మంచు విడిపోయి వెలుగు బాగా వచ్చాక దిగండి. ఒక్క రాత్రి బస ఖర్చు గురించి ఆలోచించవద్దని పెద్దవాడిగా చెబుతున్నాను.

ఇక నడిపే విషయం. ఏ గేరులో కొండ ఎక్కామో అదే గేరులో దిగాలన్నది మా గురువులు మాకు నేర్పిన మొదటి పాఠం. రెండో గేరులో ఎక్కిన వాలును నాలుగో గేరులో దిగుతూ బ్రేకు మీద కాలు ఆనించి ఉంచితే, కిందికి లాగే బరువునంతా ఆ చిన్న బ్రేకు ప్యాడ్లే మోయాలి. అవి కాలిపోయేంత వేడెక్కుతాయి, ఆ వేడి బ్రేకు ఆయిలుకు పాకుతుంది, ఆయిలు మరిగి బుడగలు పుడితే పెడలు మెత్తగా కిందికి దిగిపోతుంది, బండి మాత్రం ఆగదు. చిన్న గేరులో ఉంటే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. బ్రేకును కాసేపు గట్టిగా నొక్కి వదలాలి, మళ్లీ అవసరమైనప్పుడు నొక్కాలి, ఊరికే ఆనించి ఉంచకూడదు. పెట్రోలు కలిసివస్తుందని న్యూట్రల్‌లో దించేవాళ్లను, ఇంజను ఆపేసి దించేవాళ్లను నా కళ్లతో చూశాను. ఇంజను ఆగితే బ్రేకుకు అందే సాయం ఒకటి రెండు నొక్కుళ్లతో అయిపోతుంది, స్టీరింగు రాయిలా బిగుసుకుంటుంది. మీ బండి ఆటోమేటిక్ అయితే గేరు లివరు మీద ఎల్ అనో, 2 అనో, మాన్యువల్ పద్ధతి అనో ఉంటుంది, దాన్ని ఇంట్లోనే చూసి నేర్చుకుని రండి.

కాలిన వాసన వస్తే వెంటనే వెడల్పుగా ఉన్న చోట ఆపి, గేరులో పెట్టి, చక్రం కింద రాయి వేసి అరగంట ఆగండి. చక్రం మీద నీళ్లు పోయవద్దు, ఎర్రగా కాలిన డిస్కు ఒక్కసారిగా చల్లబడితే వంకర పోతుంది. తిరిగి బయలుదేరేటప్పుడు ఆ రాయిని రోడ్డు పక్కకు తీసేయడం మరిచిపోకండి. అలా వదిలేసిన రాళ్ల మీదకి రాత్రిపూట ద్విచక్ర వాహనాలు ఎక్కి పడిపోవడం నేను ఎన్నిసార్లు చూశానో చెప్పలేను, ఈ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది.

ఇరుకైన వాలులో ఎదురుపడితే ఎక్కే బండికి దారి ఇవ్వవలసినది దిగే బండి. ఇది మర్యాద మాత్రమే కాదు, 2017 డ్రైవింగ్ నిబంధనల్లోనే రాసి ఉంది. మలుపు ముందు హారన్ కొట్టండి, మీ ఎడమ పక్కనే ఉండండి. పొడవైన బస్సు మలుపు తిరగాలంటే దాని ముందు భాగం మీ వైపుకు రాక తప్పదు, కనుక బస్సు కనబడితే మలుపులోకి చొరబడకుండా దూరంగా ఆగి అది తిరిగాక వెళ్లండి. కోతులకు అరటిపండ్లు వేయడానికో, ఫొటోకో మలుపులో మాత్రం ఆపవద్దు. ఆగడానికి గాలికొండ దగ్గర వ్యూ పాయింటు ఉంది, సుంకరమెట్ట కాఫీ తోటల దగ్గర చోటు ఉంది.

సమాధానం: గాజువాక, టైర్ల దుకాణం

డ్రైవరు గారు చెప్పిన సమయం మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తూ, టైర్ల గురించి మీకున్న అనుమానాలు తీరుస్తాను. మాది తండ్రి కాలం నుంచి టైర్ల దుకాణం. ఏటా ఏప్రిల్ రాగానే “అన్నా, ఎండాకాలం కదా, గాలి తగ్గించి కొట్టు” అనేవాళ్లు రోజుకు పదిమందైనా వస్తారు. ఇది ప్రాణాలతో ఆడుకునే పొరపాటు.

గాలి తగ్గిన టైరు పక్క గోడలు చక్రం తిరిగిన ప్రతిసారీ ఎక్కువగా నలిగి లేస్తాయి. ఒక తీగను పట్టుకుని అటూ ఇటూ పదిసార్లు వంచితే వంచిన చోట ఎలా కాలుతుందో, ఆ రబ్బరు కూడా అలాగే లోపల్నుంచి వేడెక్కుతుంది. వేగం, బరువు, మండే రోడ్డు తోడైతే ఆ వేడికి రబ్బరు పొరలు విడిపోతాయి. మీరు తుని దగ్గర చూసిన టైరు ఎందుకు పేలిందో చూడకుండా చెప్పలేను గాని, వేసవిలో మా దగ్గరికి చిరిగి వచ్చే టైర్లలో పక్క గోడ లోపలి భాగం పొడిపొడిగా నలిగి ఉండడం మామూలు, అది గాలి తక్కువతో నడిచిన గుర్తు.

మీ కారు డ్రైవరు తలుపు తీస్తే, తలుపు అంచునో స్తంభం మీదో ఒక చీటీ అంటించి ఉంటుంది. అందులో ఇద్దరు ముగ్గురు ఎక్కినప్పుడు ఎంత గాలి ఉండాలో, నిండుగా ఎక్కినప్పుడు ఎంత ఉండాలో వేరువేరుగా రాసి ఉంటుంది. మీరు ఆరుగురు, సామాను కూడా ఉంది, కనుక నిండు బరువు అంకె ప్రకారమే కొట్టించండి. పొద్దున్నే, బండి కనీసం మూడు గంటలు కదలకుండా ఉన్నాక, టైరు చల్లగా ఉన్నప్పుడు చూసిన అంకే లెక్క. 33 పాయింట్లు పెట్టుకుని బయలుదేరిన టైరు హైవే మీద వేడెక్కాక 37, 38 చూపించడం సహజం, తయారుచేసినవాళ్లు ఆ పెరుగుదలను లెక్కలో వేసుకునే చల్లటి అంకె ఇచ్చారు. మధ్యలో బంకు దగ్గర ఆపి, ఎక్కువైందని గాలి తీయించారంటే చల్లారాక అది తక్కువ గాలి టైరు అవుతుంది.

నైట్రోజన్ వల్ల నష్టం లేదు, మన చుట్టూ ఉన్న గాలిలోనే అది 78 శాతం ఉంది. అది నింపించాం కదా అని నెలల తరబడి గాలి చూసుకోకపోతేనే నష్టం.

గాలికంటే కూడా మీరు ఈ వారంలోనే చూడవలసింది టైరు వయసు. టైరు పక్క గోడ మీద నాలుగంకెల ముద్ర ఉంటుంది. 2319 అని ఉంటే ఆ టైరు 2019 సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. మీ కారుకు ఆరేళ్లు దాటాయన్నారు, మొదటి టైర్లే ఉంటే గాడులు లోతుగానే కనబడినా రబ్బరు గట్టిపడి, పక్కల్లో సన్నని పగుళ్లు వచ్చి ఉండవచ్చు. గాడుల మధ్య చిన్న దిమ్మెలు ఉంటాయి, గాడి అరిగి వాటి మట్టానికి వస్తే లోతు 1.6 మిల్లీమీటర్లకు చేరినట్టు, ఆ టైరు ఇక మార్చవలసిందే. ఎక్కడైనా బుడగలా ఉబ్బు కనిపిస్తే అసలు బయలుదేరవద్దు. స్టెప్నీని అందరూ మరిచిపోతారు, దానికీ వయసు ఉంటుంది, దానిలోనూ గాలి తగ్గుతుంది.

ట్యాంకు నిండా పోయిస్తే ఎండకు పేలుతుందన్నది నిజం కాదు. వేడికి ఇంధనం ఉబ్బడానికి కావలసిన ఖాళీని ఉంచే ట్యాంకును తయారుచేస్తారు. బంకులో గన్ను దానంతటదే ఆగిన దగ్గర ఆపించండి, గుండ్రని అంకె కోసం మళ్లీ మళ్లీ నొక్కించవద్దు.

మెకానిక్ దగ్గర రెండు పనులు చేయించండి. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, మన సముద్రతీరంలో తేమకు కొదవ లేదు. డాట్-4 రకం ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ చేరాక అది 155 డిగ్రీల దగ్గరికి పడిపోవచ్చు. డ్రైవరు గారు చెప్పిన మెత్తటి పెడలు వెనక ఉన్న సంగతి ఇదే. రెండేళ్లుగా మార్చకపోతే ఘాట్ ఎక్కేముందు మార్పించండి. రెండోది, ఇంజనును చల్లబరిచే కూలెంటును చూపించండి. దారిలో వేడి ముల్లు ఎర్రగీత వైపు వెళితే ఏసీ ఆపి, హీటరు పూర్తిగా పెట్టి, సురక్షితమైన చోట నిలిపి చల్లారనివ్వండి. ఎంత తొందర ఉన్నా వేడి మీద రేడియేటరు మూత తిప్పవద్దు. లోపలి నీరు ఒత్తిడిలో ఉంటుంది, తెరిచిన క్షణంలో ముఖం మీదికి ఎగజిమ్ముతుంది.

సమాధానం: సీతమ్మధార, ద్విచక్ర వాహన చోదకుడు

పెద్దలు రాసింది చదివాను, కానీ ఒక విషయంలో నా అభిప్రాయం వేరు. ఎండే అసలు శత్రువైనప్పుడు రాత్రి ప్రయాణమే మేలు కదా? టైర్లు చల్లగా ఉంటాయి, రోడ్డు ఖాళీగా ఉంటుంది, పిల్లలు నిద్రపోతారు. మేము మిత్రులం అరకు నుంచి రాత్రి పదింటికి బయలుదేరి రెండు మూడు సార్లు వచ్చాం, ఇబ్బంది కలగలేదు.

సమాధానం: పెందుర్తి, విశ్రాంత బస్సు డ్రైవరు

నాయనా, రాత్రి టైరు చల్లగా ఉంటుందన్న మాట నిజమే, దాన్ని నేను కాదనను. అయితే నిద్ర వచ్చేది టైరుకు కాదు. తెల్లవారుజామున రెండు నుంచి అయిదింటి మధ్య, మధ్యాహ్నం భోజనం తర్వాత రెండు నుంచి నాలుగింటి మధ్య మనిషి శరీరం తనంతట తానే మగతలోకి జారుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది, మూడు సెకన్లు రెప్ప వాలితే 66 మీటర్లు ఎవరూ నడపని బండి అది. ఏసీ పెంచడం, పాటలు పెట్టడం, కిళ్లీ నమలడం, వీటిలో ఏదీ నిద్రను ఆపదు. ఆవలింతలు ఆగకపోతే, వెనక దాటిన ఊరు గుర్తు లేకపోతే, పక్కకు తీసి ఇరవై నిమిషాలు పడుకోవడం ఒక్కటే మందు. పైగా జాతీయ రహదారి మీద వెనక దీపాలు లేకుండా అంచున ఆపిన లారీలు ఉంటాయి. ఎదుటి బండి వెలుగు కళ్లలో పడుతుండగా అవి కనబడేసరికి ఆలస్యమైపోతుంది. మీరు క్షేమంగా వచ్చారు, సంతోషం. ఇంకెప్పుడూ అలా రావద్దని మాత్రం అడుగుతున్నాను.

మీ వంటి యువకులు సెలవు రోజుల్లో బైకుల మీద వస్తుంటారు కనుక ఒక మాట. ఉక్కపోతకు తాళలేక హెల్మెట్‌ను అద్దానికి తగిలించి నడపడం వేసవిలోనే ఎక్కువ. లోపల పలచని నూలు గుడ్డ కట్టుకుని ఐఎస్ఐ గుర్తు ఉన్న హెల్మెట్‌ను పట్టీ బిగించి పెట్టుకోండి, వెనక కూర్చున్నవారికి కూడా.

సమాధానం: మహారాణిపేట, అత్యవసర విభాగం నర్సు

బండి గురించి చాలా చెప్పారు, బండిలో కూర్చునే మనుషుల గురించి నేను రాస్తాను. వేసవి ప్రమాదాల్లో దెబ్బలు తగిలి వచ్చేవారినీ, వడదెబ్బతో వచ్చేవారినీ ఒకే వార్డులో చూస్తుంటాను గనుక ఈ రెండు విషయాలూ నాకు వేరుగా తోచవు.

మొదట పాప. నాలుగేళ్ల పిల్లను ముందు సీట్లో తల్లి ఒడిలో కూర్చోబెట్టవద్దు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో కారు దేనికైనా కొట్టుకుంటే, పట్టుకోకుండా ఉన్న మనిషికి అది సుమారు 14 మీటర్ల ఎత్తు నుంచి, అంటే నాలుగంతస్తుల మేడ మీద నుంచి పడినట్టే. ఆ విసురుకు ఏ తల్లి చేతులూ బిడ్డను ఆపలేవు, ఎదురుగా ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే దాని దెబ్బ కూడా బిడ్డకే తగులుతుంది. పాప ఎత్తుకు, బరువుకు సరిపోయే చైల్డ్ సీటు కొని వెనక సీట్లో బిగించండి. మూడో వరుసలో కూర్చునేవారితో సహా అందరూ బెల్టు పెట్టుకోవాలి. వెనకవాళ్లకు బెల్టు ఎందుకని మన ఇళ్లలో నవ్వుతారు. 2022లో దేశంలో సీటు బెల్టు లేక చనిపోయినవారు 16,715 మంది అని కేంద్ర రవాణా శాఖ లెక్క, అందులో 8,331 మంది బండి నడిపినవారు కాదు, పక్కన, వెనక కూర్చున్న ప్రయాణికులే. వెనక బెల్టు లేకుంటే వెయ్యి రూపాయల జరిమానా కూడా ఉంది, అయితే నేను ఈ మాట జరిమానా కోసం రాయడం లేదు.

ఆగి ఉన్న కారులో పిల్లలనుగాని, పెద్దవాళ్లనుగాని ఉంచి వెళ్లవద్దు. “రెండు నిమిషాల్లో వస్తాం, అద్దం కొంచెం దించాం” అన్న ధైర్యం పనికిరాదు. ఎండలో మూసిన కారు లోపలి వేడి మొదటి పది నిమిషాల్లోనే పది డిగ్రీల దాకా పెరుగుతుంది, అద్దం రెండు వేళ్లంత దించినా పెద్దగా తేడా రాదు, చిన్నపిల్లల ఒళ్లు పెద్దవాళ్లకన్నా మూడు నుంచి అయిదు రెట్లు వేగంగా వేడెక్కుతుంది. 2025 మే నెలలో విజయనగరం దగ్గర ద్వారపూడిలో ఆడుకుంటూ ఆగి ఉన్న కారులోకి ఎక్కిన నలుగురు పిల్లలు తలుపులు తీసుకోలేక ప్రాణాలు కోల్పోయారు. మనకు అంత దగ్గరలో జరిగిన సంగతి. బసలో దిగినా, ఇంటి దగ్గరైనా బండికి తాళం వేసి, తాళం చెవి పిల్లలకు అందకుండా పెట్టండి. మీ పాపకు తలుపు లోపల్నుంచి తీయడం, హారన్ నొక్కడం ఇప్పుడే నేర్పండి.

నాన్నగారి రక్తపోటు మందుల్లో ఒంట్లోని నీటిని మూత్రంగా పంపే మాత్ర ఉందేమో చూడండి. కొన్నింటిలో అది కలిసే ఉంటుంది. అలాంటి మాత్ర వేసుకునేవారికి ఎండలో నీరు, లవణాలు త్వరగా తగ్గి కళ్లు తిరుగుతాయి. మీ అంతట మీరు మాత్ర మానిపించకుండా, వెళ్లేముందు డాక్టరును అడిగి ఆ రెండు రోజులకు ఏం చేయాలో తెలుసుకోండి. దారిలో మరుగుదొడ్డికి ఇబ్బందని మన ఆడవాళ్లు, పెద్దవాళ్లు నీళ్లు తాగడం మానేస్తారు. వేసవి ప్రయాణంలో నేను చూసిన వాటిలో అతి ప్రమాదకరమైన అలవాటు ఇదే. గంటన్నరకు ఒకసారి ఆగుతామని ముందే చెప్పి, ఎక్కడ ఆగుతారో కూడా అనుకుని ఉంటే వాళ్లు నిశ్చింతగా తాగుతారు. అమ్మగారి ఇన్సులిన్‌ను డాష్‌బోర్డులోనో, డిక్కీలోనో పెట్టవద్దు, చల్లటి సంచిలో పెట్టి, మంచుగడ్డ నేరుగా తగలకుండా చూసుకుని, బండి దిగినప్పుడల్లా వెంట తీసుకువెళ్లండి.

తాగడానికి మజ్జిగ, పలచని చోడి (రాగి) అంబలి, తరవాణి, ఏదైనా మంచిదే (అమ్మగారికి తీపి లేనివి ఇవ్వండి). ఓఆర్ఎస్ ప్యాకెట్టును మాత్రం దాని మీద రాసినంత నీటిలోనే కలపాలి, లీటరు ప్యాకెట్టును గ్లాసులో కలిపి ఇస్తే మేలుకు బదులు కీడు జరుగుతుంది.

బాగా చెమట, నీరసం, వాంతి వచ్చేలా ఉండడం, తలనొప్పి కనిపిస్తే నీడకు చేర్చి, పడుకోబెట్టి, నీళ్లు తాగిస్తే తేరుకుంటారు. మాట తడబడినా, మనిషి పొంతన లేకుండా మాట్లాడినా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బ. అప్పుడు జ్వరం మాత్ర పనిచేయదు. 108కి ఫోను చేసి, బట్టలు వదులుచేసి, ఒళ్లంతా నీళ్లతో తడిపి విసురుతూనే ఉండాలి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు.

దారిలో వేరెవరికైనా ప్రమాదం జరిగితే కేసుల్లో ఇరుక్కుంటామని ముఖం తిప్పుకోకండి. సాయం చేసినవారికి మోటారు వాహనాల చట్టం 134ఎ సెక్షను రక్షణ ఇస్తుంది, పేరు చెప్పమని ఎవరూ బలవంతపెట్టలేరు. 2025 మే నుంచి అమల్లో ఉన్న కేంద్ర పథకం ప్రకారం ప్రమాద బాధితుడికి ఏడు రోజుల పాటు లక్షన్నర రూపాయల వరకు నగదు కట్టకుండా వైద్యం అందుతుంది. జాతీయ రహదారి మీద 1033, ఎక్కడైనా 112, ఈ అంకెలు మీ బాబుకు కూడా కంఠస్థం చేయించండి.

ప్రశ్నించినవారి తిరుగు జవాబు: మురళీనగర్ నివాసి

మీరందరూ నా ఇంటి మనుషుల్లా ఇంత శ్రద్ధగా రాసినందుకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. నిన్న టైర్లు చూపించాను. ముందు రెండింటికి పక్కల్లో పగుళ్లు ఉన్నాయి, స్టెప్నీలో 14 పాయింట్ల గాలే ఉంది, అది బండికన్నా ఏడు నెలలు పాతది. మూడూ మార్పించాను. బ్రేకు ఆయిలు నల్లగా వచ్చింది, అదీ మార్పించాను. అరకులో ఒక రాత్రికి గది తీసుకున్నాం. పూజ కాకుండా ఎలా బయలుదేరతామని అమ్మ మొదట ఒప్పుకోలేదు గాని, నర్సు గారు రాసింది చదివి వినిపించాక, నాలుగింటికే దీపం పెట్టుకుంటానంది. నాన్నగారి మందుల్లో మీరు చెప్పిన మాత్ర నిజంగానే కలిసి ఉందని డాక్టరు చెప్పి, ఆ రెండు రోజులకు మోతాదు సర్దుబాటు రాసిచ్చారు. పాపకు సీటు కొన్నాం.

ఒక్క అనుమానం మిగిలింది. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఘాట్ మీద ఉండగా గాలివాన పట్టుకుంటే ఏం చేయాలి?

సమాధానం: పెందుర్తి, విశ్రాంత బస్సు డ్రైవరు

మీ రాత చూసి మనసు కుదుటపడింది బాబూ. బయలుదేరేముందు వాతావరణ శాఖ హెచ్చరిక చూడండి. పిడుగుల జాడ చెప్పే దామిని అనే యాప్ ఉంది, అదీ ఫోనులో పెట్టుకోండి. వాన మొదలైతే చెట్టు కింద, కొండ చరియ అంచున, మలుపులో కాకుండా, వెడల్పైన చోట రోడ్డుకు పూర్తిగా ఎడమకు తీసి ఆపి, నాలుగు దీపాలూ మెరిసేలా పెట్టండి. పిడుగులు పడుతున్నప్పుడు కారులోనే ఉండండి, అద్దాలు ఎక్కించి, లోపలి ఇనుప భాగాలను ముట్టుకోకుండా కూర్చుంటే చెట్టు కింద నిలబడడం కన్నా అది ఎన్నో రెట్లు క్షేమం. ఇలాంటి వాన అరగంట, ముప్పావుగంటలో వెలిసిపోవడమే ఎక్కువ. వెలిశాక కూడా వెంటనే దిగకండి. పైనుంచి రాళ్లు, విరిగిన కొమ్మలు రోడ్డు మీద ఉంటాయి, స్థానికుల జీపులు ఒకటి రెండు వెళ్లాక వాటి వెనక దూరంగా, రెండో గేరులో బయలుదేరండి. రోడ్డు మీదుగా ఎర్రనీరు పారుతుంటే దాని లోతు కంటికి తెలియదు, అందులోకి దించవద్దు.

ఘాట్ దిగి ఎస్.కోట దగ్గర టీకి ఆగినప్పుడు నాలుగు చక్రాల దగ్గరా అరచెయ్యి కొంచెం ఎడంగా పెట్టి వేడి చూడండి. మూడు ఒకలా ఉండి ఒక్క చక్రం మాత్రం మండిపోతుంటే ఆ బ్రేకు పట్టేసి వదలడం లేదన్నమాట. అలా ఉంటే అక్కడే మెకానిక్కుకు చూపించి, ఆ తర్వాతే పెందుర్తి వైపు రండి.